బొరొదినోలో బహుమానం దక్కని సర్దారు: అతామాన్ ప్లాటోవ్‌ను ఏ తూకంతో తూచాలి?

పాత పటం
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నెపోలియన్ యుద్ధాల మాట వచ్చినప్పుడల్లా మనం మురా, నే, కుతుజోవ్, బగ్రతియోన్‌ల చుట్టూనే తిరుగుతున్నాం. చాలా రోజులుగా నా మనసులో ఉన్న ఒక మనిషి గురించి మాట్లాడుకుందామని ఈ దారం మొదలుపెడుతున్నాను. ఆయన మత్వేయ్ ఇవనోవిచ్ ప్లాటోవ్. రష్యాలో డాన్ నది ఒడ్డున ఉండే కొసాక్కులనే రౌతుల అతామాన్, అంటే ఆ సైన్యానికంతటికీ పెద్ద. 1809లో అశ్విక దళ జనరల్ అయ్యాడు. కొసాక్కుల ఇంట పుట్టి ఆ హోదాకు ఎక్కడం చిన్న సంగతి కాదు.

నన్ను పట్టి పీడిస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. 1812లో మాస్కో దారిలో నెపోలియన్‌తో జరిగిన బొరొదినో యుద్ధం తర్వాత రష్యా జనరళ్లకు బహుమానాలు వచ్చాయి. ప్లాటోవ్‌కు రాలేదు. ఆయనతో కలిసి ఫ్రెంచి సేన ఎడమ రెక్క మీద దాడికి వెళ్ళిన మరో రష్యా జనరల్ ఉవరోవ్‌కూ రాలేదు. అప్పనంగా చేజారిన అవకాశం అని రష్యా సేనాధిపతి కుతుజోవ్ అసంతృప్తి పడ్డాడు. ఆ అసంతృప్తి న్యాయమేనా?

ఆయన మొదటి రోజులు కొంచెం చెబుతాను, మనిషి అర్థం కావాలంటే అది అవసరం. 1750ల మొదట్లో చెర్కాస్క్‌లో పుట్టాడు. పదమూడేళ్ళకే కొలువులో చేరాడు. బడి చదువు అంతంతమాత్రం. ఇరవై ఏళ్ళు దాటగానే 1774 ఏప్రిల్‌లో కలలాహ్ వాగు దగ్గర పరీక్ష ఎదురైంది. సామాన్ల బళ్ళు, వలస జనం వెంట ఉన్నారు. ప్లాటోవ్ పటాలం ఒకటి, లారియోనోవ్ పటాలం ఒకటి, రెండూ కలిపి వెయ్యి మందికి అటూ ఇటూ. ఆ రాత్రి పక్షులు ఒకటే అరుస్తుంటే, చీకట్లో పక్షులు ఊరికే అరవవు, ఎక్కడో దండు దిగి మంటలు వేసుకుంది అని ఒక ముసలి కొసాక్కు చెప్పాడని డాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తెల్లారేసరికి క్రిమియా తాతారుల నాయకుడు దేవ్‌లెత్ గిరాయ్ సేన చుట్టుముట్టింది. రష్యా కథనాల ప్రకారం అది 20 వేలకు పైనే. తోటి సర్దారు లొంగిపోదామన్నాడు. ప్లాటోవ్ ఒప్పుకోలేదు. బళ్ళను గుండ్రంగా తిప్పి కోటలా నిలబెట్టి, సాయం కోసం మెరుపు లాంటి ఇద్దరు రౌతులను పంపి, దాడి వెనక దాడిని తట్టుకున్నాడు. చివరికి బుఖ్వొస్తోవ్ హుస్సార్లు, అంటే తేలికపాటి రౌతులు, వచ్చి కాపాడారు.

నా వాదన ముందే చెప్పేస్తున్నాను. ప్లాటోవ్‌ను కత్తులు దూసి బారు కట్టి దూకే అశ్విక దళ సేనానిగా తూచితే తూకం తప్పుతుంది. ఆయన మనుషుల పని వేరు. శత్రువును నిద్రపోనివ్వకపోవడం, కన్ను పొడిచినట్టు గుడ్డివాణ్ణి చేయడం, గడ్డీ గింజా దొరక్కుండా చేయడం. 1812లో జూన్ 27, 28 తేదీల్లో మీర్ దగ్గరా, సెప్టెంబరు 7న బొరొదినోలోనూ, ఆ శీతాకాలమంతా ఆయన చేసింది ఇదే.


కొల్లేటి గట్టు
శనివారం, రాత్రి 9:50

బాగా రాశారండీ. మీర్ దగ్గర ఏదో ఉచ్చు పన్నారని ఎక్కడో చదివాను. అదేంటో విడమరిచి చెప్పగలరా? మాలాంటి వాళ్ళకు పటాలు చూస్తే అర్థం కాదు, మాటల్లో చెప్పాలి.


పాత పటం
శనివారం, రాత్రి 10:31

తప్పకుండా. మీర్ ఇప్పటి బెలారుస్‌లో ఉంది, కోట ఉన్న చిన్న ఊరు. రష్యా సేనాని బగ్రతియోన్ సేన వెనక్కి తగ్గుతోంది. వెంటపడుతున్న ఫ్రెంచి సేనకు ముందు పోలిష్ ఉహ్లాన్లు, అంటే బల్లెం రౌతులు వస్తున్నారు. వాళ్ళను కాసేపు ఆపాలి.

ప్లాటోవ్ ఊరి అవతల దారి మీద ఒక వంద మందిని పైకి కనబడేలా నిలబెట్టాడు. దారికి రెండు పక్కలా ఇంకో వందేసి మందిని పొదల్లో, పల్లంలో దాచాడు. అసలు బలం వెనక ఉంది. ఉహ్లాన్లు ఎదురుగా ఉన్న గుప్పెడు మందిని చూసి గుర్రాలను అదిలించారు. ఆ గుప్పెడు మంది తిరిగి పారిపోయారు. తరిమేకొద్దీ ఉహ్లాన్ల వరస చెదిరింది, గుర్రాలకు రొప్పు పట్టింది. అప్పుడు పారిపోతున్నవాళ్ళు ఒక్కసారిగా వెనుదిరిగారు, పక్కల దాగినవాళ్ళు లేచారు. వెనక దారి మూసుకుపోయింది. మర్నాడు మళ్ళీ పోరు జరిగింది, మళ్ళీ పోలిష్ దళాలే దెబ్బతిన్నాయి. నాలుగు రోజులకు రొమనోవో దగ్గర ఫ్రెంచి రౌతుల వంతు వచ్చింది.

ఈ పన్నాగానికి డాన్ వాళ్ళు పెట్టుకున్న పేరు వెంతెర్. అది చేపలు పట్టే సాధనం పేరు.


కొల్లేటి గట్టు
శనివారం, రాత్రి 10:44

అయితే అర్థమైపోయిందండీ! మా వైపు దాన్ని మావు అంటాం. మా నాన్నగారు వెదురు పుల్లలతో అల్లేవారు. మూతి వెడల్పుగా ఉంటుంది, లోపల ఇంకో గరాటు లాంటిది ఉంటుంది, దాని పుల్లల కొసలు లోపలికి వంగి ఉంటాయి. చేప నీటి వాలున దూరుతుంది, పుల్లలు పక్కకు ఒరిగి దారిస్తాయి. వెనక్కి రాబోతే ఆ కొసలే ముఖానికి గుచ్చుకుంటాయి. చేప తెలివి తక్కువదై పడదు, ఎదురుగా దారి ఖాళీగా కనబడబట్టి పడుతుంది. నది ఒడ్డున పుట్టినవాళ్ళకే ఆ పేరు తడుతుంది. డాన్ వాళ్ళకు చేపలే బతుకు కదా.


మాస్టారు
ఆదివారం, ఉదయం 6:20

చర్చ బాగుంది. అయితే మొదటి పోస్టులో ఒక పొరపాటు దొర్లింది, సరిచేయండి. మీర్‌కు మీరు రాసిన జూన్ 27, 28 రష్యా పాత పంచాంగం తేదీలు. బొరొదినోకు రాసిన సెప్టెంబరు 7 కొత్త పంచాంగం తేదీ. ఆ శతాబ్దంలో రెండింటికీ తేడా పన్నెండు రోజులు. కొత్త లెక్కలో మీర్ జూలై 9, 10. ఒకే పేరాలో రెండు లెక్కలు కలిస్తే చదివే పిల్లలు తికమకపడతారు.

ఇక అసలు విషయం. ముప్పై రెండేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, వీరపూజ అంటే నాకు భయం. ప్లాటోవ్ మీద అభిమానంతో మీరు ఆగస్టు నెల దాటేశారు. స్మోలెన్‌స్క్ తర్వాత సేన మాస్కో వైపు తగ్గుతున్నప్పుడు వెనక కాపు బాధ్యత ప్లాటోవ్‌దే. కాపు దళం పని ఏమిటి? రోజుకు కొన్ని మైళ్ళు మాత్రమే తగ్గుతూ, ప్రతి వాగు దగ్గరా నిలబడుతూ, వెనకున్న అసలు సేనకు వ్యవధి సంపాదించడం. ఫ్రెంచివాళ్ళు అడుగడుగునా నెత్తి మీదకొచ్చారు. పై సేనాని బార్క్లే విసిగిపోయాడు. ఆయనను తప్పించి కాపు దళాన్ని కొనొవ్నిత్సిన్ చేతిలో పెట్టాడు. కొనొవ్నిత్సిన్ అదే దారిలో, అదే శత్రువు ముందు, గంటల తరబడి నిలబడి చూపించాడు. దీనికి ఏమంటారు?

ఇంకొకటి. బొరొదినో రోజున ఉవరోవ్ దగ్గర సుమారు 2,500 మంది పటాలపు రౌతులు, ప్లాటోవ్ దగ్గర అంతకు రెట్టింపు కొసాక్కులు. కొలోచా నది దాటి బెజ్జుబొవో దగ్గర వొయినా వాగు దాకా వెళ్ళారు. వాగు మీద మిల్లు కట్ట ఒక్కటే దారి. అవతల ఇటలీ రౌతులూ ఫ్రెంచి పదాతి దళమూ ఉన్నాయి. ఉవరోవ్ మళ్ళీ మళ్ళీ దూకి వెనక్కి వచ్చాడు. అంత బలం పెట్టుకుని ఒక్క ఫిరంగి వరసనైనా నాశనం చేయలేకపోయారు. కుతుజోవ్ కోపం నాకు అర్థమవుతుంది.


పాత పటం
ఆదివారం, ఉదయం 8:05

మాస్టారూ, తేదీల విషయంలో తప్పు నాదే, సరిచేస్తాను. కాపు దళం విషయంలోనూ మీ మాటకు తలవంచుతున్నాను. నిలబడి కాచుకునే పనికి పదాతి, ఫిరంగులు, క్రమశిక్షణ కావాలి. ఆ మూడింటినీ కలిపి నడపడం ప్లాటోవ్‌కు అలవడలేదు. బార్క్లే ఆయనను మార్చడం సరైన పనే.

కానీ బొరొదినో మాట వేరు. ఉవరోవ్ వాగు దగ్గర ఆగిపోయిన మాట నిజం. ఆ సమయంలో కొసాక్కులు పైన అడవిలోంచి వాగు దాటి వెనక నుంచి కనబడ్డారు. అక్కడ సామాన్ల బళ్ళ దగ్గర గగ్గోలు పుట్టింది. నెపోలియన్ సవతి కొడుకు యూజీన్ రాకుమారుడు మధ్యలో రష్యావాళ్ళ రయెవ్‌స్కీ బురుజు మీద దాడికి సిద్ధంగా ఉన్నవాడు, అది ఆపి స్వయంగా ఎడమ రెక్కకు పరుగెత్తాడు. ఇటలీ గార్డు దళాన్నీ వెంట తెచ్చుకున్నాడు. నెపోలియన్ తన యువ గార్డును దించడం మానుకున్నాడు. బురుజు మీద దాడి దాదాపు రెండు గంటలు ఆలస్యమైంది. ఆ రెండు గంటల్లో కుతుజోవ్ చితికిపోయిన మధ్య భాగానికి కొత్త దళాలు తెచ్చి పెట్టుకున్నాడు.

ఒక్క ఫిరంగీ పట్టలేదు, సరే. మరి ఆ రెండు గంటలను ఏ తూకపు రాయితో తూచుదాం? ఆ సంగతి యుద్ధం మధ్యలో ఉన్న కుతుజోవ్‌కు కనబడదు. అవతలి శిబిరంలో ఏం జరిగిందో తర్వాత ఫ్రెంచివాళ్ళ జ్ఞాపకాలు చదివితేనే తెలుస్తుంది.


మూసీ ఒడ్డు
ఆదివారం, ఉదయం 11:15

పాత పటం అన్నా, ఒక సందేహం. ఈ ప్లాటోవ్ ఇండియా మీదకి బయలుదేరాడని మా మామయ్య చెప్పేవాడు. నేను కథనుకున్నా. నిజమేనా?


పాత పటం
ఆదివారం, మధ్యాహ్నం 12:40

నూటికి నూరుపాళ్ళు నిజం తమ్ముడూ. ఆయన బతుకులో అన్నిటికన్నా వింత ఘట్టం అదే.

1796లో వలేరియన్ జుబోవ్ వెంట పర్షియా మీదకు వెళ్ళాడు. ఆ ఏడాది చివర కేథరిన్ చనిపోయి కొడుకు పావెల్ గద్దెక్కాడు. తల్లి మనుషులంటే అతనికి పడదు. ఎవరో చాడీలు చెప్పారు. ప్లాటోవ్‌ను కొస్త్రొమాకు వెళ్ళగొట్టారు, తర్వాత పీటర్స్‌బర్గ్‌లో పీటర్ పాల్ కోటలో చీకటికొట్లో పెట్టారు. అక్కడ నుంచి 1801 జనవరిలో ఒక్క ఉదుటున బయటికి తీశారు. ఎందుకంటే పావెల్‌కు ఇంగ్లీషువాళ్ళతో చెడింది, ఫ్రాన్సుతో కలిసింది. ఇంగ్లీషువాడి సంపదకు మూలం ఇండియా కాబట్టి అక్కడే కొట్టాలనుకున్నాడు. డాన్ సైన్యం మొత్తం ఒరెన్‌బర్గ్ మీదుగా ఖివా, బుఖారా దాటి సింధు నది దాకా నడవాలని అప్పటి అతామాన్ వసీలీ ఒర్లోవ్‌కు ఉత్తరం రాశాడు. పటాలు పంపుతూ తన పటాలు ఖివా దాకానే ఉన్నాయనీ, ఆపైన సమాచారం సంపాదించుకోవడం మీ పని అనీ రాశాడు. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఖివా నుంచి సింధు దాకా మధ్యలో ఎడారి ఉంది, హిందూకుష్ ఉంది.

22 వేల మందికి పైగా కొసాక్కులు, 24 ఫిరంగులు బయలుదేరాయి. ముందు నడిచే పెద్ద భాగం ప్లాటోవ్‌ది, 13 పటాలాలు. ఫిబ్రవరి చివర కదిలారు. చలికాలం పోతూ పోతూ ఉన్న రోజులు. మంచు కరిగి గడ్డి మైదానం అంతా అడుసు. దారిలో సిద్ధంగా ఉంటాయన్న దాణా గిడ్డంగులు ఖాళీ. వోల్గా దాటేటప్పుడు మంచు పగిలి గుర్రాలు నీళ్ళలో పడ్డాయి. ఇంకా రష్యా గడ్డ దాటలేదు, అప్పటికే గుర్రాల డొక్కలు ఎండిపోయాయి. మార్చిలో పావెల్‌ను సొంత అధికారులే చంపేశారు. అలెగ్జాండర్ గద్దెక్కగానే వెనక్కి రమ్మని కబురు పెట్టాడు. ఆ ఏడే ఒర్లోవ్ చనిపోతే ప్లాటోవ్ అతామాన్ అయ్యాడు. జైలు నుంచి అతామాన్ పదవి దాకా కొద్ది నెలల ప్రయాణం.


మూసీ ఒడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

అబ్బ! ఆ ఏడాది మన దగ్గర పరిస్థితి తలుచుకుంటే ఇది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నేను ఉండేది మూసారాంబాగ్ దగ్గర. ఆ పేరు నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని మోసీ రేమో మీదుగా వచ్చిందే. ఆయన సమాధి ఇక్కడే గుట్ట మీద ఉంది. 1798 మార్చిలో ఆయన పోయాడు, అదే అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు ఆ ఫ్రెంచి సేనను నిరాయుధం చేసి రద్దు చేయించారు. వేల మంది సిపాయిలు ఉన్న సేన అది. 1800లో నిజాం కడప, బళ్ళారి సీమలను కంపెనీకి వదిలేశాడు. 1801లో నెల్లూరు వైపు కూడా కర్నాటక నవాబుతో పాటు కంపెనీ కిందికి పోయింది. అంటే ప్లాటోవ్ వోల్గా దాటిన ఆ ఏడాది ముగిసేసరికి తెలుగు నేల చాలావరకు ఇంగ్లీషువాడి గుప్పిట్లో పడిపోయింది. ఫ్రెంచి భయం కంపెనీవాళ్ళకు ఊరికే పట్టుకోలేదన్నమాట.


మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 3:02

మూసీ ఒడ్డు బాబూ, చక్కగా కలిపావు. ఒక్క జాగ్రత్త. కంపెనీ నిజాం దగ్గరి ఫ్రెంచి సేనను రద్దు చేయించింది టిప్పు సుల్తాను మీద యుద్ధానికి ముందు. రష్యా దండయాత్ర సంగతి అప్పటికి పుట్టనే లేదు. భయం ఫ్రాన్సు గురించే, ఈజిప్టులో దిగిన నెపోలియన్ గురించే. రెండింటినీ ఒకే కాలపు గాలిగా చూడు, ఒకదానికి ఒకటి కారణంగా చూడకు.


డాన్ గాలి
ఆదివారం, సాయంత్రం 5:48

చాలా ఏళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఈ దారం చూశాక ఉండబట్టలేదు. నేను వైద్య విద్య రోస్తోవ్‌లో చదివాను. ఆరేళ్ళు డాన్ ఒడ్డునే ఉన్నాను. ఇప్పుడు అక్కడి విమానాశ్రయం పేరే ప్లాటోవ్.

సెలవు రోజుల్లో మేం తెలుగు పిల్లలం నలుగురం పాత చెర్కాస్క్‌కు వెళ్ళాం. ఇప్పుడు దాన్ని స్తరొచెర్కాస్కయా అంటారు. పాత ఇళ్ళు చూస్తే కింద అంతస్తు రాయి, పైది చెక్క. ఎందుకని అడిగితే, డాన్ వసంతంలో పొంగి ఊళ్ళోకి వచ్చేదనీ, వీధుల్లో పడవలు తిరిగేవనీ చెప్పారు. ఆ వరద బాధ పడలేకే ప్లాటోవ్ రాజధానిని మార్చాడు. 1805లో గుట్ట మీద నొవొచెర్కాస్క్‌కు శంకుస్థాపన చేశాడు. పథకం గీసింది ద వొలాన్ అనే ఇంజనీరు. వెడల్పాటి వీధులు, మధ్యలో చెట్ల వరసలు. అయితే ఆ గుట్ట ఎక్కేటప్పుడు నాకు ఒకటే అనిపించింది: వరద తప్పింది కానీ నది దూరమైపోయింది. నీళ్ళు మోసుకోవాలి, పడవ వ్యాపారం పోయింది. పాత ఊరి జనం కదలడానికి ఇష్టపడలేదట. ముంపు ఊళ్ళ వాళ్ళం, నాకు వాళ్ళ బాధ బాగా తెలుసు.

ఊరి నడుమ ప్లాటోవ్ కంచు విగ్రహం ఉంది, దూసిన కత్తితో. మొదటిది 1853లో శిల్పి క్లోత్ చేసింది. విప్లవం తర్వాత 1923లో తీసేసి ఆ దిమ్మె మీద లెనిన్‌ను నిలబెట్టారు. 1993లో మళ్ళీ ప్లాటోవ్ వచ్చాడు. మనిషి అస్థికలకూ అదే గతి పట్టింది. 1818 జనవరిలో తగన్‌రోగ్ దగ్గర పోయాడు. నొవొచెర్కాస్క్‌లో పూడ్చారు, తర్వాత మీష్కిన్ తోటకు మార్చారు, 1911లో పెద్ద చర్చి నేలమాళిగలోకి తెచ్చారు, 1923లో సమాధిని చెరిచారు, 1993లో మళ్ళీ పాతారు. ఆ నేలమాళిగలోకి నేను దిగాను. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. ఒక ముసలావిడ పలకను చేత్తో తుడిచి, ముద్దుపెట్టుకుని వెళ్ళింది. మాతో ఏమీ మాట్లాడలేదు.


గిత్తల డాక్టరు
ఆదివారం, రాత్రి 8:10

నేను పశువైద్యుణ్ణి. చరిత్ర నాకు అంతగా తెలియదు కానీ గుర్రం పొట్ట గురించి తెలుసు, అందుకని రెండు మాటలు.

గుర్రం రోజుకు తన బరువులో నూటికి రెండు వంతుల దాకా ఎండు మేత తినాలి. నీళ్ళు ఇరవై, ముప్పై లీటర్లు. పని చేసే గుర్రానికి గింజ దాణా తప్పదు. దాని పొట్ట చిన్నది, ఆవులా ఒకేసారి కడుపు నింపి నెమరేసే వీలు లేదు. రోజంతా కొంచెం కొంచెం తింటూ ఉండాలి. పచ్చి పైరు ఒక్కసారి ఎక్కువ తింటే పొట్ట ఉబ్బి శూల వస్తుంది, కక్కలేదు, దొర్లి దొర్లి చచ్చిపోతుంది. 1812 జూన్‌లో నెపోలియన్ నేమన్ నది దాటిన మొదటి వారంలోనే వేల గుర్రాలు పోయాయని చదివాను. చలివాన ఒకటి, దాణా లేక పచ్చి రై పైరు మేపడం ఇంకొకటి. మంచు పడకముందే ఆ సేన కాళ్ళు విరిగాయన్నమాట.

డాన్ గుర్రం సంగతి వేరు. పొట్టి, వంకర మెడ, చూపుకు ఆనదు. మైదానంలో మందగా పెరిగింది. మంచును డెక్కతో గీరి అడుగున ఎండు గడ్డి తింటుంది. పెద్ద పటాలపు గుర్రాన్ని పాకలో కట్టి గింజ పెట్టి పెంచారు, దానికి ఆ విద్య రాదు. ఇక నాడాల విషయం. మంచు మీద నడవాలంటే నాడాకు కింద పళ్ళలా మేకులు ఉండాలి. ఫ్రెంచి సేనలో చాలా గుర్రాలకు అవి లేవు. గట్టిపడ్డ మంచు వాలు మీద ఫిరంగి లాగే గుర్రం ఒక్కసారి కూలబడితే మరి లేవదు.

కొసాక్కులకు ముల్లుచక్రాలు, అంటే గుర్రాన్ని అదిలించడానికి బూటు మడమకు కట్టే ముళ్ళు, ఉండేవా? బొమ్మల్లో ఎక్కడా కనబడలేదు.


పాత పటం
ఆదివారం, రాత్రి 9:25

డాక్టరు గారూ, మీ పోస్టు ఈ దారానికి ప్రాణం పోసింది. ముల్లుచక్రాలు వాళ్ళకు లేవు. నగాయ్‌కా అనే పొట్టి తోలు కొరడాతోనే గుర్రాన్ని నడిపేవాళ్ళు. గుర్రం, బట్ట, కత్తి, బల్లెం అన్నీ కొసాక్కు ఇంటివే. గుర్రం చస్తే నష్టం సర్కారుది కాదు, ఆ ఇంటిది. అందుకే దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్ళు. ముఖాముఖి గోడలా నిలబడ్డ దళం మీదకు ఊరికే దూకించకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇక ఆ శీతాకాలం. రష్యా సేన తరూతినో విడిదిలో ఉండగా డాన్ నుంచి 26 కొత్త పటాలాలు వచ్చాయి. తాతలు, మీసం మొలవని పిల్లలు కూడా అందులో ఉన్నారు. మాస్కో వదిలిన నెపోలియన్‌ను మలొయరొస్లావెత్స్ దగ్గర ఆపిన మర్నాడు, అక్టోబరు 25 తెల్లవారుజామున, ఒక సంగతి జరిగింది. నెపోలియన్ గొరొద్న్యా నుంచి కొద్దిమంది పరివారంతో నేల చూడటానికి బయలుదేరాడు. ఇంకా మసక వెలుతురు. అడవి అంచు నుంచి రౌతుల గుంపు వస్తోంది. మనవాళ్ళే అనుకున్నారు. దగ్గరికి వచ్చాక అరుపు వినబడింది. అవి కొసాక్కుల పటాలాలు, ప్లాటోవ్ రాత్రి నది దాటించి పంపినవి. జనరల్ రాప్ గుర్రానికి బల్లెం దిగింది. అంగరక్షకులు వచ్చి అడ్డుపడ్డారు. ఎదురుగా ఉన్నది ఎవరో కొసాక్కులకు తెలియదు. వాళ్ళ కళ్ళు పక్కనున్న ఫిరంగుల మీద పడ్డాయి. 11 ఫిరంగులు లాక్కుపోయారు. ఆ తర్వాతే నెపోలియన్ తన వైద్యుణ్ణి అడిగి విషం పొట్లం చేయించుకుని మెడలో కట్టుకున్నాడని చెబుతారు. 1814లో ఫొంటెన్‌బ్లోలో మింగింది దాన్నే.

నవంబరు 9న వోప్ నది దగ్గర ఏం జరిగిందో చూస్తే డాక్టరు గారు చెప్పిన నాడాల సంగతి కళ్ళకు కడుతుంది. యూజీన్ దళం దుహొవ్‌షీనా వైపు పోతోంది. నది పెద్దదేం కాదు, కానీ వంతెన నిలవలేదు, రెండు గట్లూ నిటారు, గట్ల మీద నీళ్ళు పడి గడ్డకట్టాయి. ముందు కొన్ని ఫిరంగులు దాటాయి. తర్వాతవి నది నడుమ బురదలో దిగబడ్డాయి, ఆ దారి మూసుకుపోయింది. గుర్రాలు గట్టు ఎక్కలేక మోకాళ్ళ మీద పడ్డాయి. మనుషులు నడుం లోతు నీళ్ళలో నడిచి అవతల తడిబట్టలతో నిలబడ్డారు. వెనక కొసాక్కులు. అరవైకి పైగా ఫిరంగులూ, మాస్కో నుంచి మోసుకొచ్చిన సొత్తూ అక్కడే వదిలేశారు. ప్లాటోవ్ అక్కడ పెద్ద యుద్ధం చేయలేదు. ఒక దళాన్ని ఆగనివ్వకుండా, మంచి రేవు వెతుక్కోనివ్వకుండా, రాత్రి మంట వేసుకోనివ్వకుండా ఆ నది దాకా తోలుకొచ్చాడు. ఆ నెలలోనే ఆయనకు కౌంట్ బిరుదు వచ్చింది.


మాస్టారు
సోమవారం, ఉదయం 6:05

రాత్రి మీరు రాసింది చదివి కొంత సేపు ఆలోచించాను. బొరొదినో రెండు గంటల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. నిజానికి ఆలస్యం చేయడమే ఆ దాడి ఫలమైతే, ఫలం దక్కింది.

అయినా ఒక మాట వదిలిపెట్టలేను. కొసాక్కులు నడిచిన దారిలో దోపిడీ నడిచింది. ఫ్రెంచివాళ్ళు రష్యా చర్చిల నుంచి దోచుకున్న వెండిని వీళ్ళు తిరిగి లాక్కున్నారు, అందులో 40 పూడ్లు, అంటే 650 కిలోల దాకా, పీటర్స్‌బర్గ్ కజాన్ చర్చికి సమర్పించారు. అది గొప్ప పని. కానీ జర్మనీ పల్లెల్లో వాళ్ళను మొదట విముక్తిదాతలని ఎదురేగి పిలిచిన రైతులే, తర్వాత పశువులను అడవుల్లో దాచుకున్నారు. జీతం నామమాత్రంగా ఇచ్చి దోపిడీని జీతంలో భాగంగా చూసిన సర్కారుది ఆ తప్పులో పెద్ద వాటా. అతామాన్‌ది కూడా ఎంతో కొంత.


గిత్తల డాక్టరు
సోమవారం, ఉదయం 7:40

మాస్టారు గారు అన్నది నిజం. గుర్రానికి మేత దొరకాలంటే ఎవరి వామి నుంచో లాగాలి కదా. సేన వెళ్ళిపోయాక ఆ రైతు పశువు ఏం తింటుంది?


డాన్ గాలి
సోమవారం, ఉదయం 9:30

మాస్టారూ, 1814లో ఇదే ప్లాటోవ్ అలెగ్జాండర్ వెంట లండన్ వెళ్తే జనం వీధుల్లో కిక్కిరిసి చూశారట. నగర పాలకులు బంగారు పిడి కత్తి బహూకరించారు. చిత్రకారుడు లారెన్స్ ఆయన బొమ్మ గీశాడు, అది ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. పదమూడేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళ ఇండియాను కొట్టడానికి వోల్గా దాటిన మనిషికే ఆ కత్తి ఇచ్చారు!

ఇంకో సంగతి. తుర్కుల ఇజ్మయీల్ కోట ముట్టడిలో ఆయన ఉన్నాడు కదా, దాని గురించి ఎవరూ రాయలేదు. మా రూములో ఉండే రష్యన్ అబ్బాయి దాన్ని కథలా చెప్పేవాడు.


పాత పటం
సోమవారం, రాత్రి 9:55

అవునండీ, మరిచాను. 1790 డిసెంబరు. రష్యా సేనాని సువోరోవ్ యుద్ధసభ పెట్టాడు. అప్పటి ఆనవాయితీ ప్రకారం అందరికన్నా తక్కువ హోదా ఉన్నవాడు ముందు మాట్లాడాలి, పెద్దల మాట విని జంకకుండా. అక్కడ ఆ వంతు బ్రిగేడియర్ ప్లాటోవ్‌ది. ఎక్కుదాం అన్నాడు. మిగతా అందరూ అదే అన్నారు. రెండు రోజులకు కోట మీదకు వెళ్ళినప్పుడు కొసాక్కులకు గుర్రాలు లేవు. బల్లేలను పొట్టిగా నరికించి, కాలినడకన, నిచ్చెనలతో ఎక్కించారు. పొట్టి కర్ర బల్లేన్ని తుర్కుల వాలుకత్తి ఒక్క వేటుకు నరికేస్తుంది. చేతిలో కర్రముక్క మిగిలిన మనిషి గోడ మీద ఏం చేస్తాడు? చాలామంది అక్కడే పోయారు. ప్లాటోవ్ దళం నీళ్ళు నిండిన కందకంలో నడుం దాకా దిగి గోడ ఎక్కింది. ఆ విజయం తర్వాత మేజర్ జనరల్ అయ్యాడు.

మాస్టారు గారి దోపిడీ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. డాక్టరు గారి ప్రశ్నకు కూడా.

మొదటి పోస్టులో మీర్ తేదీలను జూలై 9, 10గా చదువుకోండి. వచ్చే శనివారం ఉవరోవ్ గురించి వేరే దారం తెరుస్తాను. కొల్లేటి గట్టు గారూ, వీలైతే మీ నాన్నగారు అల్లిన మావు ఫొటో ఒకటి పెట్టండి. లోపలి గరాటు కనబడేలా.


కొల్లేటి గట్టు
సోమవారం, రాత్రి 10:20

అటక మీద ఒకటి ఉందండీ. ఎలుకలు కొంత కొరికాయి కానీ గరాటు చెక్కుచెదరలేదు. రేపు వెలుతురులో తీసి పెడతాను.